పలమనేరు: దాటిపోబడిన యూరి చరిత్ర

చరిత్ర యనగానే మనవారి మనస్సున మెదలునవి మూడు: కోట, గుడి, రాజమందిరము. ఈ మూటిలో నొకటియు గొప్పగా లేని యూరికి చరిత్రయే లేదని తలంచుట మనకు వాడుకయైనది. చిత్తూరు జిల్లాలోని పలమనేరు అట్టి తలంపునకు గుఱియైన యూళ్లలో నొకటి. చెన్నపట్టణమునుండి బెంగుళూరునకు పోవువారిలో నెందఱో యీ యూరిమీదుగా పోయియుందురు. కనుమ యెక్కిన పిమ్మట చల్లగాలి తగిలినదని సంతోషింతురు, బండి నిలిచినచోట కాఫీ త్రాగుదురు, త్రోవప్రక్కను పేర్చిన మట్టిగుఱ్ఱములను చూచి పిల్లలు మారాము చేసినచో నొకదానిని కొందురు, తరువాత పోవుదురు. ఇచ్చట దిగి చూడదగిన దేమున్నదని యడిగినచో ఊరివారిలోనే పలువురు, "ఈడ యేముంది సామీ? సూడాలంటే తిరపతికి పోండి, కాణిపాకానికి పోండి" అని బదులు చెప్పుదురు.

ఆ మాట యెంతవఱకు నిజమో పరీక్షింపవలయునని మాకు తోచినది. పరీక్షించిన పిమ్మట మాకు కలిగిన యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాము. పలమనేరు చరిత్ర కట్టడములలో లేదు, త్రోవలో నున్నది. సైన్యములు, శవపేటికలు, దొరల పల్లకీలు, వర్తకుల యెడ్లు, ఏనుగుల మందలు దాటిపోయిన యూరిది. పెద్దదారి మీద నుండుటవలన పేరొందినది. పెద్దదారి వేఱొకచోటికి మరలుటవలన మఱవబడినది. ఇట్టి యూరి చరిత్రను కాపాడుటకు రాజులు రారు. దానిని కాపాడవలసినవారు అచ్చట కాపురముండు గృహస్థులును గృహిణులునే. ఈ సంగతిని నిదర్శనములతో చెప్పుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

మొదట స్థలస్వరూపము. చిత్తూరునుండి పడమటగా నలుబది కిలోమీటర్లు పోయినచో పలమనేరు వచ్చును. చిత్తూరు క్రిందిసీమ, పలమనేరు మీదిసీమ. సముద్రమట్టమునకు సుమారు 2,200 అడుగుల యెత్తున, మైసూరు పీఠభూమి యంచున నీ యూరున్నది. ఈ రెండుసీమల నడుమ మెట్టువలె నున్నది మొగిలి కనుమ. ఊరికి పడమట కన్నడ దేశము, దక్షిణమున తమిళ దేశము దగ్గఱగా నున్నవి. అందుచేత అంగడివీధిలో నొక గడియ నిలిచినవానికి తెలుగు, కన్నడము, అరవము, దక్కనీ ఉర్దూ అను నాలుగు భాషలును చెవిని బడును. తూర్పుపడమరలుగా చిత్తూరు, కోలారు త్రోవయు, ఉత్తరదక్షిణములుగా మదనపల్లె, పుంగనూరు, కుప్పముల త్రోవయు నిచ్చట కలియును. రైలుబండి మాత్ర మీ యూరికి రాలేదు. ఈ యొక్క విషయమును చదువరులు జ్ఞప్తియం దుంచుకొనవలయును. దాని కారణమును ముందు చెప్పెదము.

పరిపాలనలో నీ తాలూకా పూర్వము ఉత్తరార్కాటు జిల్లాకు చెందియుండెను. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశములోని జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పలమనేరు రెవెన్యూ డివిజను కేంద్ర మయ్యెను. దస్త్రములు చూచువారికి ఈ యూరి చరిత్ర యింతే. నడచి చూచువారికి మఱికొంత యున్నది.

ఇచ్చట ప్రయాణవిధమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. మన పెద్దలు దూరప్రయాణములు గుంపుగా చేసిరి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు పరివారమును వెంటగొని పోయిరి. దొంగలును, వంతెనలు లేని నదులును, అన్నము దొరకని బయళ్లును గల కాలమున నట్లు పోవుటయే వివేకము. ఇప్పుడా కారణములు లేవు. అయినను మనవారు పాతచోట్లు చూడబోవునప్పుడు పదిమంది నొక బండిలో నెక్కించుకొని, భోజనమును కట్టుకొని, సాయంకాలమునకు తిరిగిరావలయునని తొందరపడుచు పోవుదురు. అట్టి యాత్రలో కోటబురుజు కనబడును గాని, బురుజు నీడన కూర్చున్న ముసలివాని మాట వినబడదు. ఒంటరిగా పోయినవాడు ఆగదలచినచోట నాగును, అడుగదలచినవారి నడుగును, వారు చెప్పినది విని వ్రాసికొనును. చిన్న యూళ్లను చూచుటకు ఒంటరి ప్రయాణమే తగినదని మా నిశ్చయము.

కాని యొంటరి ప్రయాణము మనలో నందఱికిని సమముగా లభింపలేదు. ఒక పురుషుడు చేత పుస్తకము పట్టుకొని రాళ్లను చూచుచు తిరిగినచో 'పరిశోధకుడు' అని గౌరవింతురు. ఒక స్త్రీ యట్లే తిరిగినచో, "తోడు ఎవరూ రాలేదా అమ్మా?" అని మొదటి ప్రశ్న వేయుదురు. అడుగువారికి చెడ్డ యుద్దేశము లేకపోవచ్చును. అయినను ఆ ప్రశ్నకు బదులు చెప్పి చెప్పి విసిగిన స్త్రీ రెండవమాఱు ప్రయాణము మానుకొనును. చదువుకొన్న యాడపిల్లలు వేలకొలది యున్న యీ దేశమున వారికి తమ తాలూకాలోని పాతరాళ్లు తెలియకపోవుటకు కారణము శ్రద్ధలేమి కాదు. పరిశుభ్రమైన మఱుగుదొడ్డి లేకపోవుట, చీకటిపడిన పిమ్మట బస్సు లేకపోవుట, ఇంటివారి భయము, వీధివారి చూపు: ఈ నాలుగును కారణములు. చరిత్రజ్ఞాన మింటింటికి వ్యాపింపవలయునని కోరువారు ముందుగా నీ నాలుగింటిని తొలగింప ప్రయత్నింపవలయును.

ఇక త్రోవను పట్టుదము. చిత్తూరు విడిచి బంగారుపాళెము దాటినచో మొగిలి గ్రామము వచ్చును. ఇచ్చటి దేవుడు మొగిలీశ్వరుడు. లింగ మొకప్పుడు మొగలిపొదలో బయల్పడినదని స్థలపురాణము. మొగిలిని దాటినది మొదలు దారి మలుపులు తిరుగుచు పైకెక్కును. ఇప్పుడు వెడల్పైన రహదారి యుండుటచేత ఈ యెక్కుడు సులభముగా కనబడును గాని, ఫిరంగులను ఎడ్లచేత లాగించిన కాలమున నీ కనుమ యెట్టిదో యూహింపవలయును. కనుమను పట్టుకొన్నవాడు మీదిసీమకు తాళపుచెవి పట్టుకొన్నవాడే.

ఆ తాళపుచెవి కొఱకు జరిగిన పందెము 1791లో నడిచినది. టిప్పు సుల్తానునకును ఇంగ్లీషు కుంపినీవారికిని మూడవ మైసూరు యుద్ధము సాగుచుండెను. గవర్నరు జనరలు కారన్‌వాలిసు ప్రభువు స్వయముగా సేనానాయకత్వము వహించి, ఫిబ్రవరి నెలలో వేలూరు చేరెను. అచ్చటినుండి మైసూరునకు పోవలసినవాడు ఆంబూరు కనుమ నెక్కునని యందఱును తలంచిరి. అతడును కొంతసేన నా వైపు పంపి, తాననుకొన్నది యదియేయని టిప్పునకు నమ్మకము కలిగించెను. టిప్పు ఆ దిక్కున కనుమల కాపునకు త్వరపడుచుండగా, కారన్‌వాలిసు ప్రధానసైన్యముతో నుత్తరమునకు మరలి, చిత్తూరుమీదుగా మొగిలి కనుమ నెక్కి పలమనేరు చేరెను. ఒక్క తుపాకియైనను ప్రేలలేదు. మార్చి 21వ తేదీ రాత్రి బెంగుళూరు కోట కుంపినీవారి వశ మయ్యెను. మైసూరు రాజ్యముయొక్క రెండవ కోట పడిపోవుటకు మూలము, పలమనేరు దారిలో నెవరును కాపు లేకపోవుటయే.

ఇంతవఱకు చరిత్రగ్రంథములలో నున్నదే. ఒంటరిగా నా కనుమ నెక్కినవానికి మఱియొక ప్రశ్న తోచును: ఆ ఫిరంగులను పైకి చేర్చిన దెవరు? గ్రంథములు సేనాధిపతి యెక్కెననియే వ్రాసినవి. ఎక్కినవి ఎడ్లు, త్రోసినవి ఏనుగులు, వాని వెంట నడచినవారు మావటులును, బండివాండ్రును, దారి చదును చేసిన కూలివారును. ఆ యుద్ధమున సైన్యమునకు ధాన్యము తెచ్చినవారు బ్రింజారీలు, అనగా మన లంబాడీలు. అదే సంవత్సరము మే నెలలో శ్రీరంగపట్టణము దాక పోయిన కారన్‌వాలిసు కోటను ముట్టడింపలేక వెనుదిరిగెను. ఎడ్లు తిండిలేక చచ్చిపోవుటచేత పెద్ద ఫిరంగులను లాగువారు లేక, వానిని తానే పాడుచేసి విడిచిపోయెను. రాజ్యముల జయాపజయములు ఎడ్ల మేతమీద నెంతగా నాధారపడియుండునో యిందువలన తెలియుచున్నది. అయినను ఏ బండివాని పేరును మనకు దక్కలేదు.

దీనికి తొమ్మిదేండ్ల పూర్వ మొక విచిత్రమైన సంఘటన యీ ప్రాంతముననే జరిగెను. 1780లో కర్ణాటకముపై దండెత్తిన హైదరాలీ, వీపున లేచిన రాచపుండుచేత బాధపడి, 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట శిబిరమున చనిపోయెను. కుమారుడైన టిప్పు అప్పుడు పడమటి సముద్రతీరమున మలబారులో నుండెను. రాజు చనిపోయెనని సైన్యమునకు తెలిసినచో కల్లోలము పుట్టునని మంత్రులు పూర్ణయ్య, కృష్ణరావు మొదలగువారు మరణవార్తను దాచిరి. శవమును సుగంధద్రవ్యములు నింపిన పెట్టెలో నుంచి, విలువగల ధనమును పంపుచున్నట్లు కావలివారితో కోలారునకు పంపిరి. శిబిరమున యథాప్రకారము పనులు నడచుచుండెను. టిప్పు వచ్చి చేరువఱకు రాజ్యము చెదరలేదు. శవము కోలారున తండ్రిసమాధి చెంత కొంతకాల ముంచబడి, పిమ్మట శ్రీరంగపట్టణమునకు చేర్పబడెను. చిత్తూరునుండి కోలారునకు దగ్గఱిదారి మొగిలి కనుమయు పలమనేరునే గదా! మతభేదములను గూర్చి యూరక వివాదపడు మనవారు ఇందులో నొక సంగతిని గమనింపవలయును. ముసల్మాను రాజుయొక్క మరణరహస్యమును కాపాడి, సింహాసనమును కుమారున కప్పగించినవారిలో ముఖ్యులు బ్రాహ్మణోద్యోగులు. ఆ కాలపు రాజ్యము లట్టి నమ్మకముమీద నిలిచియుండెను.

యుద్ధములు ముగిసి దేశము కుంపినీ యేలుబడిలోనికి వచ్చిన పిమ్మట పలమనేరునకు మఱియొక విధమైన పేరు వచ్చెను. చెన్నపట్టణపు టెండ కోర్వలేని దొరలు గాలిమార్పు కొఱకు ఇచ్చటికి వచ్చుచుండిరి. బంగళాలు వెలసెను. కాని యీ వైభవము నిలువలేదు. 1820 ప్రాంతములనుండి కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివాను నీలగిరులకు దారి తెఱచి, ఉదకమండలమున నిండ్లు కట్టించెను. అంతకంటె చల్లని చోటు దొరకినతోడనే దొరలు పలమనేరును మఱచిరి. ఇది మొదటి మఱపు.

రెండవ మఱపు రైలువలన వచ్చినది. చెన్నపట్టణమునుండి పడమటికి వేసిన యినుపదారి జోలారుపేటమీదుగా 1864లో బెంగుళూరు చేరెను. మొగిలి కనుమ నెక్కవలసిన పని తప్పిపోయినది. అంతవఱకు ఎడ్లబండ్లమీద నీ దారిని పోయిన సరకులలో పెద్దభాగము క్రిందిదారిన రైలెక్కెను. రైలు రాని యూరు వెనుకబడుట యా కాలమున సహజము. మోటారుబండ్లు వచ్చి, చెన్నపట్టణము బెంగుళూరు రహదారి బాగుపడిన తరువాతనే పలమనేరు మరల దారిలోని యూ రయ్యెను. ఇప్పుడు బెంగుళూరు చెన్నపట్టణముల నడుమ క్రొత్తగా తలపెట్టిన త్వరితరహదారి యీ జిల్లాలోనుండియే పోవుచున్నది. అట్టి దారిని పోవు బండ్లకు నడుమ నూళ్లతో పనియుండదు. మూడవ మఱపునకు దారి సిద్ధమగుచున్నదని మేము భయపడుచున్నాము. వ్యాసమును త్వరపడి వ్రాయుటకు నిదియే కారణము.

దారి నేలినవారిని గూర్చియు కొంత చెప్పవలయును. కనుమ క్రింద చిత్తూరు పాళెగాండ్రుండిరి. బంగారి, యాదమఱ్ఱి, కల్లూరు, పులిచెర్ల మొదలగు పాళెములు వారివి. అడవులను, త్రోవలను కావలి కాచుట వారి వృత్తి. కావలిపేర రుసుము తీసికొనుట వారి హక్కు. 1801లో కర్ణాటకము కుంపినీవారి చేతికి వచ్చిన పిమ్మట ఆ హక్కులను కుదించుటయు, పేష్కషు నిర్ణయించుటయు జరుగగా వారిలో కొందఱు తిరుగబడిరి. 1804, 1805 సంవత్సరములలో సైన్యమును పంపి వారిని అణచిరి. కనుమ మీద పుంగనూరు జమీందారులు మాత్రము ఇరువదవ శతాబ్దమువఱకు నిలిచిరి. 1948 నాటి చట్టమువలన జమీందారీలు రద్దయిన పిమ్మట వారి యధికారమును ముగిసెను. పాళెగాండ్రను వీరులని పొగడువారును, దోపిడికాండ్రని తెగడువారును కలరు. రైతుకు మాత్రము కావలిరుసుము తీసికొన్నవాడు పాళెగాడైనను, పన్ను తీసికొన్నది కుంపినీయైనను, ఇంటిలోని గింజ తఱుగుట యొక్కటే.

ఇప్పుడు పలమనేరు పరిసరములలో మిక్కిలి ముఖ్యమైనవియు, మిక్కిలి యుపేక్షింపబడుచున్నవియునైన గుఱుతులను చెప్పెదము. అవి వీరగల్లులు. తొమ్మిది, పది శతాబ్దములలో బాణులు, వైదుంబులు, నొలంబులు, గంగులు, చోళులు నీ సరిహద్దుసీమ కొఱకు నెడతెగక పోరాడిరి. ఆ పోరాటములలో చచ్చినవారికి ఊళ్లలో రాళ్లు నాటిరి. రాజుల యుద్ధములలో చచ్చినవారు కొందఱు. ఊరి పసులమందను దొంగలు తోలుకొనిపోవునప్పుడు అడ్డుపడి చచ్చినవారు మఱికొందఱు. రాతిని అంతరువులుగా విభజించి, క్రింది యంతరువున పోరు, నడుమ నప్సరసలు వీరుని గొనిపోవుట, పైని స్వర్గమున దేవుని సన్నిధి చెక్కుట సామాన్యపద్ధతి. కొన్నిటిమీద శాసనము లుండును. ఈ జిల్లాలో నట్టి శాసనములు తెలుగునను, కన్నడమునను, తమిళమునను దొరకినవి. రాజశాసనములలో గ్రామదానములును, బిరుదులును చదువుదుము. వీరగల్లులలో నొక సామాన్యుని చావును చదువుదుము. అతనికి సొంత మందయైనను ఉండెనో లేదో! ఊరి పసుల కొఱకు ప్రాణ మిచ్చెను. ఊరివారు మఱువక రాయి నాటిరి. ఇంతకంటె గొప్ప చరిత్ర మన కేమి కావలయును?

కాని యీ రాళ్ల గతి నేడెట్లున్నది? చెఱువుకట్టమీద సగము మట్టిలో కూరుకొని కొన్ని యున్నవి. గుడివెనుక తులసికోట ప్రక్కను పసుపుకుంకుమలతో పూజలందుకొనుచు కొన్ని యున్నవి. వానిమీది యక్షరములు నూనెజిడ్డుచేత మూసికొనిపోయినవి. బట్టలుతుకు బండలైనవి కొన్ని. రోడ్డు వెడల్పు చేయునప్పుడు జల్లిలో కలిసినవి ఎన్నియో లెక్క చెప్పువారు లేరు. పూజించువారిని మేము నిందింపము. పూజవలననే పెక్కు రాళ్లు నేటికి మిగిలినవి. ఆ రాతిమీద నున్నది తమ యూరి మనుష్యుడని, అతడు చేసిన పని యిదియని తెలిసి పూజించినచో పూజకు నర్థము కలుగునని మాత్రమే మా మనవి.

వీరగల్లుల చెంతనే ఈ సీమలో మఱియొక విధమైన రాళ్లు కనబడును. మోచేయి మడచి పైకెత్తిన స్త్రీహస్తము, దాని నిండ గాజులు: ఇవి మహాసతికల్లులు, మాస్తికల్లులని వాడుక. భర్తతో చితియెక్కిన స్త్రీకి నాటిన గుఱుతు లివి. ఇట్టి రాతి యెదుట నిలిచినప్పుడు సంస్కారము గల చదువరి యేమి చేయవలయును? పాతదియైనంత మాత్రమున ప్రతిదియు కొనియాడదగినది కాదు. సహగమనము 1829లో బంగాళమునను, 1830లో మన చెన్నపురి రాజధానియందును నిషేధింపబడినది. ఆ యాచారమును గొప్పచేయుట 1987 నాటి చట్టము ప్రకారము నేరము. అట్లని యా రాతిని పగులగొట్టుటయు తగదు. రాయి లేకపోయినచో నేరము జరిగినదనుటకు సాక్ష్యమును లేకపోవును. గాజులు చెక్కినవాడు ఆమె పేరు చెక్కలేదు. ఆమె వయ సెంతయో, ఇష్టముతో పోయెనో, బలిమిచే తోయబడెనో యా రాయి చెప్పదు. దానిని కాపాడి, దాని యర్థమును దాచక మన యాడపిల్లలకును మగపిల్లలకును చెప్పుట మన విధి. గౌరవించుటయు, కప్పిపుచ్చుటయు, ధ్వంసము చేయుటయుగాక నాలుగవ మార్గ మొకటి కలదు: ఉన్నదున్నట్లు చదువుట.

ఇట్లు రాళ్లలో నున్న చరిత్ర కొంత కాగా, ప్రాణముతో నున్నది మఱికొంత కలదు. పుంగనూరు ఆవు ఈ సీమకే చెందినది. మిక్కిలి పొట్టిది, ఎత్తు ఇంచుమించుగా మూడడుగులు మించదు. కొద్దిపాటి మేతతో, వానలులేని సంవత్సరములలోను బ్రదుకగలది. పాలలో వెన్న విశేషముగా నుండును. పెద్దజాతి పసులతో సంకరము చేయుటచేత నీ జాతి నశించు దశకు వచ్చెను. దానిని నిలుపుటకు కృషి చేయుచున్న పశుపరిశోధనస్థానము పలమనేరుననే యున్నది. అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమువారిది. పసులకొఱకు చచ్చినవారికి రాళ్లు నాటిన సీమలో పసులజాతిని నిలుపు ప్రయత్నము జరుగుట సముచితముగా నున్నది.

త్రోవప్రక్కను చూచు మట్టిబొమ్మలును చరిత్రలోనివే. కుండలు చేసిన కుమ్మరులు, లోహపుపాత్రలును ప్లాస్టిక్కును వచ్చి కుండలకు గిరాకి పోగా, గుఱ్ఱములు, ఏనుగులు, దీపములు, పూలకుండీలు చేసి జీవించుచున్నారు. బొమ్మ కొనునప్పుడు బేరమాడి పది రూపాయలు తగ్గించుకొన్నామని సంతోషించుటకు ముందు, మట్టి త్రవ్వి, తొక్కి, సారెమీద తీర్చి, ఆరబెట్టి, ఆవమున కాల్చుటలో నెన్నిదినములు పట్టునో యడిగి తెలిసికొన్నచో మంచిది.

ఊరికి చుట్టుపట్లనున్న కొండలలో కౌండిన్యనది ప్రవహించును. ఆ పేరితోనే 1990లో వన్యప్రాణి సంరక్షణస్థల మేర్పడినది. చాలకాల మీ యడవులలో లేని యేనుగులు 1980 తరువాత తమిళ, కన్నడ దేశముల యడవులనుండి మరల వచ్చి చేరినవి. అవి వచ్చుటవలన రైతులకు చెఱకు, అరటి, వరి పంటలు నష్టమగుచున్నవి. మనుష్యులును ఏనుగులును చచ్చుచున్నారు. 2025లో కర్ణాటకమునుండి శిక్షణ పొందిన కుంకి యేనుగులను తెచ్చి పలమనేరు సమీపమున శిబిర మేర్పఱచిరి. ఈ కొండలు మనుష్యుల దారి యగుటకు ముందు ఏనుగుల దారియే. రైతు రాత్రి కాపున్న చేను చూచినవాడు అడవినంతయు మనోహరమని వర్ణించి యూరకుండలేడు. ఏనుగు నడవి ద్రోహియనియు ననలేడు. ఇద్దఱికిని చోటు చూపవలసిన భారము దొరతనముదియు, మనదియును.

ఇచ్చట చదువరు లొకప్రశ్న వేయవచ్చును: "ఇదే ప్రాంతమున చంద్రగిరి యున్నది గదా, దాని నేల చూడరాదు?" తప్పక చూడవలసినదే. విజయనగరరాజులు తమ కడపటి దినములలో నేలిన చోటది. అచ్చటి రాజమహలు కొయ్య వాడక రాయి, ఇటుక, సున్నముతో కట్టిన మూడంతస్తుల మేడ. దాని కిప్పుడు పురావస్తుశాఖవారి రక్షణ యున్నది. లోపల వస్తుప్రదర్శనశాల యున్నది. చంద్రగిరిని చూచుటకు రుసుముచీటి యొకటి చాలును. దిక్కులేనివి వీరగల్లులు.

రక్షణ యనునది యెట్లు కలుగునో తెలిసికొనుటకు సముద్రము దాటి యొక యుదాహరణము తీసికొందము. ఫిలిప్పీను దీవులలో ఇలోకోస్ సుర్ అను రాష్ట్రమునకు ముఖ్యపట్టణము వీగన్. స్పెయినువారు 1572లో స్థాపించిన యూరది. క్రింద ఇటుక, పైని కొయ్యతో కట్టి, కిటికీలకు గాజునకు బదులు పలుచని గవ్వచిప్పలు బిగించిన వర్తకుల యిండ్లు వీధివీధిగా నిలిచియున్నవి. ఓడరేవునకు దారియైన నది పూడిపోవుటచేత వర్తకము తగ్గి, ఆ యూరును పలమనేరువలెనే ప్రక్కకు తొలగెను. అందుచేత పాతయిండ్లను కూల్చి క్రొత్తమేడలు కట్టువారు తక్కువైరి. 1999లో ఐక్యరాజ్యసమితివారి విద్యావిజ్ఞాన సంస్థ దానిని ప్రపంచవారసత్వముగా నంగీకరించెను. మఱవబడుట వీగనునకు మేలే చేసినది. ఏలయన, ఆ యిండ్లలో మనుష్యులు కాపురముండిరి. వానిని తమవని యెంచి మరమ్మతు చేసికొనిరి. మఱవబడిన యూరు రెండువిధముల గావచ్చును: తనవారిచే కాపాడబడి నిధి యగును, తనవారికే తెలియకపోయినచో శూన్య మగును. పలమనేరు దేని పక్షమున నిలుచునో యింకను నిర్ణయము కాలేదు.

మనమేమి చేయవలయును? పెద్దసభలును తీర్మానములును మా యుద్దేశము గాదు. కాలిన్ మెకంజీ దొర దక్షిణదేశ చరిత్రలు సేకరించినప్పుడు, నిజముగా నూరూరు తిరిగి కరణముల నడిగి కైఫీయతులు వ్రాయించినవారిలో మన తెలుగువారైన కావలి సోదరులు ముఖ్యులు. వారిలో వెంకట బొఱ్ఱయ్య చిన్నవయసుననే 1803లో చనిపోయెను. తమ్ముడు లక్ష్మయ్య యా పని సాగించెను. వారికి మోటారుబండి లేదు, ఛాయాచిత్రయంత్రము లేదు. నేడు ప్రతి యింటను చేతిలో పట్టు టెలిఫోనులోనే ఛాయాచిత్రయంత్ర మున్నది. వేసవి సెలవులలో నొక బాలిక తన యూరి చెఱువుకట్టమీది రాతిని తీసిన బొమ్మయు, ఆ రాయి యున్నచోటును, అవ్వ చెప్పిన కథయు నొక పుస్తకమున వ్రాసినచో, రాయి జల్లిలో కలిసిన పిమ్మటనైనను దాని మాట మిగులును. అక్షరములు కనబడినచో వానిమీద సుద్దతో గీయరాదు, ఆమ్లముతో కడుగరాదు, రంగు పూయరాదు. జిల్లాలోని పురావస్తుశాఖవారికి జాబు వ్రాయవలయును. 1958 నాటి చట్టము నూఱేండ్లు దాటిన కట్టడములను, శిలలను ప్రాచీనములుగా నెన్నుచున్నది గాని, ప్రకటించినవానికే కాపుదల కలిగించును. ఎవరును చెప్పని రాతిని దొరతనము ప్రకటింపజాలదు.

ఇంటి పెద్దలకు మా విన్నప మొకటి. మీ కుమార్తె యొకదినము ఒంటరిగా ప్రక్కయూరికి పోయి పాతరాళ్లు చూచివత్తునని యడిగినచో, తోడెవరని యడుగుటకు ముందు, ఏ రాయి చూడబోవుచున్నావని యడుగుడు. తిరిగివచ్చిన పిమ్మట భోజనమువేళ నామె చెప్పునది విని, మీ చిన్ననాట మీరెఱిగినది దానికి చేర్చుడు. పలమనేరు కనుమ నెక్కిన సేనాధిపతుల పేళ్లు గ్రంథములు కాపాడుకొనుచున్నవి. ఊరి పసులకొఱకు చచ్చిన మనుష్యునికి, పేరులేని గాజులచేతికి, ఫిరంగిని త్రోసిన బండివానికి అట్టి గ్రంథము లేదు. వారికి గ్రంథ మగువారు ఆ చుట్టుపట్ల కాపురముండు మనవారే. క్రొత్తదారి పూర్తియై బండ్లన్నియు ఊరి మొగము చూడక పోవునప్పటికి, తమ యూరిలో నేమున్నదో ఊరివారికైనను తెలిసియుండవలయును.